ఇచ్చే చేయి లేని లోగిలి

ఇంగ్లండుకు నైరుతి మూలన డెవాన్ అనే సీమ ఉంది. అక్కడ టాట్నెస్ అనే చిన్న ఊరు దాటి కాస్త ముందుకు వెళితే, డార్ట్ నది ఒంపు తిరిగే చోట ఒక పాత రాతి లోగిలి కనిపిస్తుంది. మన మండువా లోగిలిని పదింతలు చేసి ఊహించుకోండి. నడుమ పచ్చగడ్డి పరిచిన పెద్ద వాకిలి, చుట్టూ వరసగా కట్టడాలు. ఒక పక్క గదులు, ఇంకో పక్క ఒకప్పటి కొట్టాలు, ఎదురుగా మహా సభామందిరం. ఆ మందిరం గుమ్మం కింద నిలబడి తలెత్తితే, పైన రాతి కమానులు కలిసే చోట ఒక దుప్పి బొమ్మ చెక్కి ఉంటుంది. తెల్ల దుప్పి. రెండో రిచర్డ్ రాజు చిహ్నం అది.

ఆ రాజుకు తల్లి వైపు అన్న జాన్ హాలండ్. 14వ శతాబ్దం చివర్లో ఈ లోగిలి కట్టించినవాడు ఆయనే. కట్టించాడు గానీ ఎన్నాళ్ళో అనుభవించలేదు. 1399లో తమ్ముడి సింహాసనం పోయింది. దాన్ని తిరిగి నిలబెట్టబోయి 1400 జనవరిలో అన్న తల పోయింది. తలెత్తి చూస్తే ఆ దుప్పి మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇవాళ ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చేవాళ్ళలో చాలామంది అద్దె కట్టి వస్తారు. సదస్సులకు, పెళ్ళిళ్ళకు, నాలుగు రోజులు ఊరికి దూరంగా కూచుని ధ్యానమో చర్చో చేసుకునే బృందాలకు ఆ కట్టడాలను అద్దెకిస్తారు. గదులున్నాయి, భోజనశాల ఉంది, తోట ఉంది. దాని పేరు డార్టింగ్టన్ హాల్.

హాలు అద్దెకివ్వడం తప్పేమీ కాదు. ఇల్లు పడిపోకుండా ఉండాలంటే ఏదో ఒక ఆదాయం కావాలి. నా బాధ అది కాదు. మన రవీంద్రుడి మాట పట్టుకుని, మన బెంగాల్ పల్లెలో నేర్చుకున్న పాఠంతో, ఇచ్చుకోవడం కోసమే నిలబెట్టిన లోగిలి అది. అద్దె మీద బతికే రోజు దానికి ఎలా వచ్చిందో చెబుతాను.

కథ ఒక అప్పుతో మొదలవుతుంది. లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లిషు యువకుడు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా వెళ్ళి కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదువుతున్నాడు. అక్కడ దేశదేశాల విద్యార్థులు కలిసి ఉండే కాస్మోపాలిటన్ క్లబ్ అనే భవనం ఉండేది. దాన్ని నడిపే బాధ్యత ఇతని నెత్తిన పడింది. అది అప్పుల్లో మునిగి ఉంది. ఆ అప్పు తీర్చడానికి సాయం అడుగుతూ 1920లో న్యూయార్క్‌లో ఒక సంపన్నురాలి గుమ్మం తొక్కాడు. ఆమె డొరతీ విట్నీ స్ట్రెయిట్. అమెరికా నౌకాదళ మంత్రిగా చేసిన విలియం విట్నీ కూతురు. భర్త విల్లర్డ్ స్ట్రెయిట్ 1918లో ఫ్లూ జ్వరంతో పారిస్‌లో చనిపోయాడు. ముగ్గురు పిల్లలు. ఆమె భర్తతో కలిసి నిలబెట్టిన ‘న్యూ రిపబ్లిక్’ పత్రిక అప్పటికే ఆలోచనాపరుల నోళ్ళలో నానుతోంది. విద్యార్థుల ఇంటి అప్పు గురించి మాట్లాడడానికి వెళ్ళిన మనిషికీ ఆమెకీ మధ్య అక్కడే పరిచయం కుదిరింది.

అదే రోజుల్లో టాగూర్ అమెరికాలో ఉన్నారు. శాంతినికేతన్ పక్కన సురుల్ గ్రామంలో పల్లె బాగు కోసం పని చేయడానికి వ్యవసాయం తెలిసిన మనిషి ఆయనకు కావాలి. ఎల్మ్‌హర్స్ట్ దొరికాడు. 1922 ఫిబ్రవరి 6న ఆ పని మొదలైంది. తర్వాత దానికే శ్రీనికేతన్ అని పేరు వచ్చింది. డబ్బు పంపింది డొరతీ.

శ్రీనికేతన్ అనగానే మనకు చేనేత, తోలు పని, బాటిక్ గుర్తొస్తాయి. మొదట్లో అక్కడ జరిగిన పని అంత అందమైనది కాదు. చదువుకున్న కుర్రాళ్ళ చేత తమ మరుగుదొడ్లు తామే శుభ్రం చేయించి, ఆ మలాన్ని గుంతల్లో పూడ్చి ఎరువు చేయించాడు ఎల్మ్‌హర్స్ట్. మలేరియాతో, బీడు నేలతో, కులాల గోడలతో పోట్లాడాడు. మన రాయప్రోలు, బెజవాడ గోపాలరెడ్డి వంటివారు శాంతినికేతన్‌లో కవిత్వం, సంస్కారం నేర్చుకున్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి మైలున్నర దూరంలో ఒక ఇంగ్లిషువాడు గడ్డపార పట్టుకుని నేర్చుకున్నదీ ఆ చదువులో భాగమే. 1924లో టాగూర్ చైనాకు, తర్వాత అర్జెంటీనాకు వెళ్ళినప్పుడు వెంట వెళ్ళిన కార్యదర్శి కూడా అతనే.

మరుసటి ఏడాది, 1925లో, డొరతీ అతన్ని పెళ్ళి చేసుకుంది. శ్రీనికేతన్ లాంటిది ఇంగ్లండులో కూడా పెడదామని ఇద్దరూ అనుకున్నారు. టాగూర్ ప్రోత్సాహం దానికి ఉంది. పైగా డెవాన్ ఆయనకు తెలియని చోటు కాదు. పడుచు వయసులో ఇంగ్లండులో ఉన్నప్పుడు ఆ సముద్రతీరాన టార్కీలో కొన్నాళ్ళు గడిపారు. స్థలం వెతుకుతూ వెళ్ళిన లెనార్డ్‌కు ఈ లోగిలి కనిపించింది. కనిపించింది అనడం కంటే, దాని శిథిలం కనిపించింది అనాలి.

అప్పటికి మూడున్నర శతాబ్దాలుగా అది చాంపర్‌నౌన్ అనే కుటుంబం చేతిలో ఉంది. మన దగ్గర చితికిపోయిన జమీందారీ దివాణాలు చూసినవాళ్ళకు ఆ దృశ్యం వేరే చెప్పనక్కర్లేదు. గదుల్లో కోళ్ళు, పశువులు. గోడల మీద పాకిన తీగలు. మహా సభామందిరానికి అసలు కప్పే లేదు. 1813 ప్రాంతంలో దాన్ని దించేశారు. అంటే నూరేళ్ళకు పైగా ఆ రాతిగోడల మధ్య వాన నేరుగా నేల మీద పడుతూనే ఉంది.

అది కొన్నారు. కొని, కప్పు వేశారు. ఆ కప్పు కథ ఒకటి చెప్పాలి. విలియం వియర్ అనే పాత కట్టడాల నిపుణుణ్ణి పిలిపించారు. కొత్తది పాతదానిలా నటించకూడదు, పాతదాన్ని కొత్తది మింగకూడదు అనే పద్ధతిలో పని చేసేవాడాయన. ఎక్కడి నుంచో కలప కొనలేదు. ఆ ఎస్టేటులోనే పెరిగిన ఓక్ చెట్లు కొట్టించి, చెక్కించి, గోడల నుంచి ముందుకు చాచిన దూలాల మీద నిలిచే పాతకాలపు కప్పును మళ్ళీ ఎత్తించాడు. ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. సుమారు 70 అడుగుల పొడవున్న మందిరం. కింద నిలబడి చూస్తే ఓడను బోర్లించి పెట్టినట్టు ఉంటుంది. ఆ నేలలో పెరిగిన చెట్టే ఆ ఇంటికి నీడ అయింది.

కప్పు నిలిచాక మనుషులు వచ్చారు. నిజానికి కప్పు నిలవక ముందే వచ్చారు. 1926లోనే బడి పెట్టారు. బెత్తం లేదు, యూనిఫాం లేదు, బలవంతపు ప్రార్థన లేదు, ఆడ మగ పిల్లలు కలిసి చదివే బడి. ఆ రోజుల ఇంగ్లండులో అది పెద్ద సాహసం. తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ తన పిల్లల్ని అక్కడ చేర్చాడు. చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ చిన్నప్పుడు కొన్నాళ్ళు అక్కడ ఉన్నాడు. మైకేల్ యంగ్ అనే కుర్రాడు అక్కడే చదివాడు. 1945లో బ్రిటన్ లేబర్ పార్టీ ఎన్నికల ప్రణాళిక రాసింది, తర్వాత ఓపెన్ యూనివర్సిటీ ఆలోచనకు ప్రాణం పోసింది ఆ కుర్రాడే. ఒక బడి ఇంతకంటే ఏం చేయాలి?

జర్మనీలో హిట్లర్ వచ్చాడు. యూదు సహచరుల్ని వదిలేయనని కుర్ట్ జూస్ తన నృత్య బృందంతో దేశం విడిచి వస్తే డార్టింగ్టన్ చోటిచ్చింది. నాటక రచయిత చెహోవ్ అన్న కొడుకు మైకేల్ చెహోవ్ 1936లో ఇక్కడే నటన నేర్పే స్టూడియో పెట్టాడు. జర్మనీ వదిలి వచ్చిన వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ ఇక్కడి పాత ధాన్యపు కొట్టాన్ని నాటకశాలగా మలిచాడు. కుండలు చేసేవాడు బెర్నార్డ్ లీచ్, సంగీతం నేర్పే ఇమొజెన్ హోల్స్ట్, ఇలా ఎందరో. 1947లో యుద్ధ శరణార్థులైన ముగ్గురు యువకులు, ఒక ఇంగ్లిషు యువకుడు కలిసి కట్టిన తంత్రీవాద్య బృందం తొలిసారి వాయించింది ఇక్కడే. అదే తర్వాత ప్రపంచమంతా తెలిసిన అమేడియస్ క్వార్టెట్. 1953 నుంచి ప్రతి వేసవీ ఇక్కడ సంగీత పాఠశాల జరిగేది. 1957లో సంగీతకర్త స్ట్రవిన్‌స్కీ అంతటివాడు వచ్చాడు.

మనవాళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. నర్తకుడు ఉదయ్ శంకర్ 1930ల్లో తన బృందంతో ఇక్కడ ఉన్నాడు. ఆయన హిమాలయాల్లో అల్మోరాలో పెట్టిన నృత్య కేంద్రానికి డబ్బు సాయం చేసిన చేయి కూడా డార్టింగ్టన్‌దే. ఆ కేంద్రంలో చదివిన కుర్రాళ్ళలో తర్వాత సినిమా దర్శకుడైన గురుదత్ ఒకడు. అల్మోరా కేంద్రం కొన్నేళ్ళకే, యుద్ధకాలంలో, డబ్బులు లేక మూతపడింది. డార్టింగ్టన్‌కు ఏం రాసిపెట్టి ఉందో అది చూసైనా ఎవరూ ఊహించలేదు.

టాగూర్ 1926లో వచ్చారు, 1930లో మళ్ళీ వచ్చారు. రెండోసారి వచ్చినప్పటికి ఆయన బొమ్మలు వేస్తున్నారు. రాతప్రతిలో కొట్టేసిన మాటల్ని గీతలతో కలుపుతూ పోతే పక్షులు, ముఖాలు, పేరు తెలియని జంతువులు పుట్టుకొచ్చేవి. అలా మొదలైన బొమ్మలు. ఆ ఏడాదే మే నెలలో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. డార్టింగ్టన్ తోటలో, నది వైపు దిగే మెట్ల దగ్గర, డెబ్బై ఏళ్ళకు చేరువైన ఆ గడ్డం తాత కూచుని రంగులు కలుపుకున్నాడనుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆయన బొమ్మలు 12 ఆ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఇంత జరగడానికి డబ్బు ఎక్కడిది?

ఇక్కడ లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్‌ను గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయన ఊరికే పంచిపెట్టే మనిషి కాదు. పల్లె తన కాళ్ళ మీద తాను నిలబడాలి, పొలం లాభం చూపాలి, లెక్క రాయాలి అని పట్టుపట్టిన మనిషి. అందుకే కోళ్ళ ఫారం పెట్టాడు, పాడి పెట్టాడు, రంపపు మిల్లు, నేత మిల్లు, ఆపిల్ రసం తీసే మిల్లు పెట్టాడు. ఇళ్ళు కట్టే కంపెనీ నడిపాడు. ట్రస్టు తరఫున 1967లో ఉత్తర డెవాన్‌లో గాజు కర్మాగారం కూడా వచ్చింది. వీటిలో కొన్ని నిలదొక్కుకున్నాయి, చాలా వాటికి ఏటా లోటే. ఆ లోటును పూడ్చింది డొరతీ సొమ్ము. తర్వాత ట్రస్టు ఏర్పాటు చేసి ఆస్తిని దాని చేతిలో పెట్టారు. ప్రయోగం నడిచినన్నాళ్ళూ దాని వెనక ఒక తల్లి చేయి ఉంది. ఎవరైనా కొత్తగా ఏదైనా చేద్దాం అంటే ముందు వద్దు అనే మాట ఆ ఇంట్లో వినపడేది కాదు.

డొరతీ 1968లో పోయింది. లెనార్డ్ 1974లో పోయాడు. ఎల్మ్‌హర్స్ట్ దంపతుల జీవితాన్ని 1982లో పుస్తకంగా రాసింది అక్కడి పాత విద్యార్థి మైకేల్ యంగే.

పతనం ఒక్కరోజులో రాలేదు. చెదపురుగు పట్టిన దూలం లాగా, బయటికి తెలియకుండా వచ్చింది. మొదట బడి పోయింది. 1980ల్లో పిల్లలు తగ్గారు, పత్రికల్లో చెడ్డపేరు వచ్చింది, ఉన్న పేరుకు మచ్చ పడింది. 1987లో మూసేశారు. అరవై ఏళ్ళు నడిచిన బడి. దాని ఆలోచనలు అప్పటికే మామూలు బడుల్లోకి వెళ్ళిపోయాయి, అందుకే అది అక్కర్లేకపోయింది అని కొందరంటారు. ఆ ఓదార్పు నాకు సరిపోదు. మామూలు బడుల్లోకి వెళ్ళింది బెత్తం లేకపోవడం ఒక్కటే. పిల్లాడు పొద్దున పొలంలో పని చేసి, సాయంత్రం గొప్ప నర్తకుల సాధన చూసే ఇల్లు ఎక్కడికీ వెళ్ళలేదు.

తర్వాత కళల కాలేజీ. 1961లో పెట్టారు. సంగీతం, నాటకం, నృత్యం, దృశ్యకళలు. ఇమ్రత్ ఖాన్ సితార్ నేర్పింది ఇక్కడే. ఆ వాకిట్లో రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఏదో ఒకటి సాధన చేస్తూనే ఉండేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళకు కూడా అదే జీవం. పాత భవనాలకు మరమ్మతులు కావాలి, విద్యార్థులకు వసతి గృహాలు కావాలి. వాటికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది కాలేజీకీ ట్రస్టుకీ మధ్య తేలలేదు. కాలేజీని కార్న్‌వాల్‌లోని ఫాల్మత్‌కు తరలిస్తారనే వార్త 2006 చివర్లో వచ్చింది. విద్యార్థులు, ఊరివాళ్ళు వద్దని ఊరేగింపులు చేశారు. 2008లో ఫాల్మత్‌లోని కాలేజీతో కలిపేశారు, 2010 వేసవికి అంతా ఖాళీ చేశారు. డార్టింగ్టన్ పేరున్న కాలేజీ డార్టింగ్టన్‌లో లేకుండా పోయింది. ఆ తర్వాత పేరు కూడా పోయింది.

అదే 2010. అదే వేసవి. జూన్ 15న లండన్‌లో సదబీస్ వేలంశాలలో టాగూర్ బొమ్మలు 12 అమ్మకానికి వచ్చాయి. డార్టింగ్టన్ బొమ్మలే. ఆ అమ్మకం ఆపాలని మన దేశం నుంచి గొంతులు లేచాయి. ఆగలేదు. రెండున్నర లక్షల పౌండ్లు రావచ్చని ముందు వేసిన అంచనా. పలికింది 16 లక్షలు. అంచనాకు ఆరింతలు వచ్చిందని పత్రికలు రాశాయి. ఆ సొమ్ము ట్రస్టు పనులకు చేరింది. నేను ఆ వార్త చదివినప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది వేలం సుత్తి కాదు, ఖాళీ గోడ. మన ఇళ్ళల్లో కూడా ఇది జరిగింది. ఇంటి కప్పు కారుతోందని అమ్మమ్మ కాసులపేరు అమ్మినవాళ్ళం మనం. కప్పు బాగవుతుంది. ఆ ఇంట్లో తర్వాత జరిగే పెళ్ళికి మాత్రం మెడ బోసిగా ఉంటుంది.

బొమ్మలు అమ్మారు, భూమి ముక్కలు ఇళ్ళ స్థలాలకు ఇచ్చారు, గాజు కర్మాగారం ఎప్పుడో చేతులు మారింది. మిగిలింది 1,200 ఎకరాల ఎస్టేటు, లోగిలి, తోట. ఇక అద్దె తప్ప దారి లేదు.

అద్దె వ్యాపారం ఎలా నడుస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన ఊళ్ళో ఫంక్షన్ హాలు ఉన్న ఏ యజమానినైనా అడగండి. ముహూర్తాలున్న నెలలో ఒకే రోజుకు నలుగురు అడుగుతారు. మూఢం వస్తే తాళం తీసే పని ఉండదు. కానీ కరెంటు బిల్లు, కాపలావాడి జీతం, పన్ను మూఢం చూసుకుని ఆగవు. డార్టింగ్టన్‌కు ఆ కష్టం ఎన్నో రెట్లు. అది మొదటి శ్రేణి రక్షిత కట్టడం. అక్కడ ఒక పెంకు జారితే ఏ పెంకు పడితే అది పెట్టడానికి లేదు. ఆ కాలపు పద్ధతిలో, ఆ రకం సరుకుతో, ఆ పని తెలిసినవాళ్ళ చేత చేయించాలి. చలికాలంలో ఆరు వందల ఏళ్ళ రాతిగోడల్ని వెచ్చగా ఉంచాలి. పెళ్ళిళ్ళు వేసవి శనివారాల్లో వస్తాయి, సదస్సులు వారం మధ్యలో వస్తాయి. వాన మాత్రం ఏడాది పొడుగునా కప్పు మీద పడుతూనే ఉంటుంది. అద్దె వచ్చే రోజులు లెక్కపెట్టగలం, వాన పడే రోజులు లెక్కపెట్టలేం. కరోనా వచ్చి పెళ్ళిళ్ళు, సదస్సులు రెండూ ఆగిపోయినప్పుడు ఆ లోగిలి ఎలా ఊపిరి బిగబట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. డబ్బుకు సంబంధించింది కాదది. వారాంతానికి గది తీసుకున్న బృందానికి నిశ్శబ్దం కావాలి. పక్క గదిలో ఎవరో కుర్రాడు అర్ధరాత్రి సెలో వాద్యం సాధన చేస్తుంటే ఫిర్యాదు వస్తుంది. ఎల్మ్‌హర్స్ట్ దంపతుల కాలంలో ఆ సెలో కోసమే ఆ గది. అద్దెకు వచ్చిన మనిషిది తప్పు కాదు, డబ్బు కట్టాడు. ఇంటి స్వభావం మారింది, అంతే. సాధన చేసే ఇల్లు వేరు, విడిది ఇల్లు వేరు.

అయినా ఒక మూల దీపం ఆరలేదు. ఎస్టేటులో ఓల్డ్ పోస్టర్న్ అనే ఇల్లుంది, ఒకప్పటి చర్చి గురువు నివాసం. 1990లో అక్కడ షూమాకర్ కాలేజీ స్థాపించారు. చిన్నదే చక్కనిది అని లోకానికి చెప్పిన ఆర్థికవేత్త షూమాకర్ పేరు మీద. దాన్ని స్థాపించినవారిలో ముఖ్యుడు సతీశ్ కుమార్.

సతీశ్ కుమార్ మనకు దూరపువాడు కాదు. రాజస్థాన్‌లో పుట్టాడు. తొమ్మిదో ఏట జైన సన్యాసి అయ్యాడు. పద్దెనిమిదో ఏట మఠం విడిచి వినోబా భావే భూదానోద్యమంలో చేరాడు. ఆ ఉద్యమం ఎక్కడ పుట్టింది? మన పోచంపల్లిలో. 1951 ఏప్రిల్ 18న ఊరి దళితులు వినోబాను భూమి అడిగారు. వాళ్ళు అడిగింది 80 ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఆ ఒక్క మాట నుంచి నడక మొదలుపెట్టిన ఉద్యమం సతీశ్ కుమార్‌ను పెంచింది. 1962లో చేతిలో పైసా లేకుండా ఢిల్లీ నుంచి మాస్కో, పారిస్, లండన్ మీదుగా వాషింగ్టన్ దాకా అణ్వస్త్రాలు వద్దంటూ నడిచి వెళ్ళాడు. సముద్రం అడ్డొచ్చిన చోట మాత్రం ఓడ ఎక్కాడు. ఆ మనిషి చివరికి వచ్చి కుదురుకున్నది డెవాన్‌లో. శ్రీనికేతన్ నుంచి ఒక దారి, పోచంపల్లి నుంచి ఒక దారి, రెండూ ఈ లోగిలి దగ్గరే కలిశాయి. ఇది తలుచుకున్న ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

ఆ కాలేజీలో మొదటి కోర్సు చెప్పినవాడు భూమి మొత్తాన్ని ఒక జీవిగా చూడమన్న జేమ్స్ లవ్‌లాక్. పర్యావరణవేత్త వందనా శివ వచ్చి పాఠాలు చెప్పేది. కానీ అక్కడ చదివినవాళ్ళు ఎవరిని కదిపినా ముందు చెప్పేది పాఠం గురించి కాదు, వంటింటి గురించి. విద్యార్థులు, పాఠం చెప్పడానికి వచ్చిన పెద్దలు, అందరూ వంతులు వేసుకుని కూరలు తరగాలి. తోటలో పండిన దుంపలు కడగాలి. భోజనాలయ్యాక గిన్నెలు తోమాలి. నేల ఊడవాలి. ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా తన పళ్ళెం తానే కడుక్కోవాలి. 1922లో సురుల్‌లో కుర్రాళ్ళు తమ మరుగుదొడ్డి తామే కడుక్కున్న చదువు ఇది. డెబ్బై ఏళ్ళ తర్వాత, సముద్రాలు దాటి, ఒక సింకు దగ్గర మళ్ళీ కనిపించింది.

2024 ఆగస్టు చివర్లో ఆ కాలేజీలోని డిగ్రీ కోర్సులు ఆపేస్తున్నట్టు ట్రస్టు ప్రకటించింది. డబ్బు లేదు అన్నది కారణం. కొత్త విద్యా సంవత్సరానికి అప్పటికి కొద్ది వారాలే ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసి, ఉద్యోగం మానేసి, దేశం దాటి రావడానికి సిద్ధమైన విద్యార్థులు ఉన్నారు. పిల్లను చూపించి, ముహూర్తం పెట్టి, పందిరి వేశాక పెళ్ళి లేదన్నట్టు అయింది వాళ్ళకు. బడి, కళల కాలేజీ పోయాక డార్టింగ్టన్‌లో మిగిలిన పెద్ద చదువు అదే.

ట్రస్టు పెద్దల్ని తిట్టి ఊరుకుందామంటే నా మనసు ఒప్పదు. ఆ కుర్చీలో ఎవరు కూచున్నా లెక్కల పుస్తకం అదే. కారే కప్పు, కట్టాల్సిన జీతాలు, తరిగిపోతున్న మూలధనం. కానీ ఒక్క మాట మాత్రం అనాలి. కష్టం వచ్చినప్పుడల్లా అక్కడ మొదట కోత పడింది మనుషుల మీద. బడి పోయింది, కాలేజీ పోయింది, కడకు గిన్నెలు తోమే విద్యార్థులు పోయారు. గోడలు మిగిలాయి. ఎల్మ్‌హర్స్ట్ దంపతులు 1925లో కొన్నప్పుడు ఆ ఇంటికి కప్పు కూడా లేదు. అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నదల్లా పని, ఆ పని చేసే మనుషులు. ఇప్పుడు ఓక్ దూలాల కప్పు చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద కూచుని పోట్లాడుకునే, పాడుకునే, నేర్చుకునే మనుషులు లేరు. ఉన్నది ఆదివారం సాయంత్రం గది ఖాళీ చేసి వెళ్ళిపోయే అతిథులే.

శ్రీనికేతన్ ఇంకా ఉంది. విశ్వభారతిలో భాగంగా, కష్టనష్టాలతోనే, నడుస్తోంది. ఏటా ఫిబ్రవరి 6న అక్కడ ఉత్సవం జరుగుతుంది. చుట్టుపక్కల రైతులు తాము పండించినవి తెచ్చి చూపుతారు. డబ్బు పంపిన ఇల్లు అద్దెకు దిగింది, డబ్బు అందుకున్న పల్లె ఇంకా పంట తెస్తోంది.

ఇంగ్లండులో మన తెలుగువాళ్ళు వేలమంది ఉన్నారు. సెలవులకు డెవాన్ తీరానికి వెళ్ళే కుటుంబాలూ ఉన్నాయి. మీలో ఎవరైనా అటు వెళితే టాట్నెస్ దగ్గర ఒక పూట ఆగండి. డార్టింగ్టన్ వాకిట్లోకి వెళ్ళి ఆ గుమ్మం కింద తలెత్తి తెల్ల దుప్పిని చూడండి. ఒక కప్పు టీ కొనుక్కుని తాగండి, ఆ డబ్బు కూడా ఆ ఇంటి కప్పుకే చేరుతుంది. పిల్లలు వెంట ఉంటే టాగూర్ ఇక్కడికి రెండుసార్లు వచ్చారని, ఆయన బొమ్మలు 12 ఒకప్పుడు ఈ ఇంట్లో ఉండేవని చెప్పండి.